ఆకాశం నుంచి దిగిన డివిజన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపడిన అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం.

ప్ర: పారాట్రూపర్ల డివిజన్ అంటే అందులో ఉన్నవాళ్ళంతా పారాచూట్‌తో దూకేవాళ్ళేనా? మామూలు పదాతి డివిజన్‌కీ దీనికీ తేడా ఎక్కడ?

జ: అందరూ కాదు. 1942 ఆగస్టు 16న లూసియానాలోని క్యాంప్ క్లెయిబోర్న్‌లో 82వ డివిజన్‌ను రెండుగా చీల్చి 101ని ఏర్పాటు చేశారు. అప్పుడు అందులో పారాచూట్ రెజిమెంట్ ఒక్కటే, 502వది. మిగిలిన 327, 401 గ్లైడర్లలో, అంటే మరో విమానం లాక్కెళ్ళి వదిలే ఇంజిన్ లేని విమానాల్లో, దిగే రెజిమెంట్లు. జార్జియాలోని టొకోవాలో తయారైన 506వ పారాచూట్ రెజిమెంట్ 1943 జూన్‌లో వచ్చి చేరింది. 501వది 1944 జనవరిలో ఇంగ్లండ్‌లో కలిసింది. ఈలోగా 401ని విడగొట్టి ఒక బెటాలియన్‌ను 82కి ఇచ్చేశారు. అలా 1944 జూన్‌లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీలో దిగే నాటికి మూడు పారాచూట్ రెజిమెంట్లు, ఒక గ్లైడర్ రెజిమెంట్ అయ్యాయి.

అసలు తేడా బరువులో ఉంది. మామూలు పదాతి డివిజన్‌లో పద్నాలుగు వేల పైచిలుకు మంది ఉంటే, ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను మొదట 8,500 మందితోనే సరిపెట్టారు. పదాతి డివిజన్ ఫిరంగులు 105, 155 మిల్లీమీటర్లవి. వీళ్ళకు ఎక్కువగా ఉన్నవి 75 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగులు. వాటిని భాగాలుగా విడదీసి విమానం కింద కట్టి వదలొచ్చు. ట్రక్కులు నామమాత్రం. అందుకే దిగిన చోటు పట్టుకుని రెండు మూడు రోజులు నిలబడటం, వెనక నుంచి ట్యాంకులు రాగానే వాటికి అప్పగించి పక్కకు తప్పుకోవడం, ఇదే కాగితం మీద వీళ్ళ పని. యుద్ధంలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. నార్మండీలో నెల దాకా, హాలెండ్‌లో రెండు నెలలకు పైగా మామూలు పదాతి దళంలాగే వాళ్ళను ముందు వరసలో వాడుకున్నారు. డివిజన్ నష్టాలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. చనిపోయినవాళ్ళలో చాలామంది దూకిన రాత్రి పోలేదు, ఆ తర్వాత నేల మీద జరిగిన పోరులో పోయారు.

ప్ర: పారాచూట్‌ను సైనికుడే తెరుచుకునేవాడా? విమానంలో వరసగా ఏమేం జరిగేది?

జ: ప్రధాన పారాచూట్‌ను సైనికుడు తెరవడు, విమానమే తెరుస్తుంది. సీ-47 డకోటా లోపల పైకప్పు కింద, పొడవునా ఒక ఉక్కు కేబుల్ బిగించి ఉంటుంది. ప్రతివాడి వీపు మీది పారాచూట్ నుంచి 15 అడుగుల పట్టీ ఒకటి వస్తుంది. దాని చివర కొక్కెం ఉంటుంది. ఈ పట్టీని స్టాటిక్ లైన్ అంటారు.

ఒక్కో విమానంలో పదహారు నుంచి ఇరవై మంది. దూకే చోటు నాలుగైదు నిమిషాల దూరంలో ఉందనగా తలుపు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది. అందరినీ దూకించే బాధ్యత ఉన్న జంప్‌మాస్టర్ లేవమంటాడు, కొక్కేలు తగిలించమంటాడు. కొక్కెం కేబుల్‌కు తగిలించాక ప్రతివాడూ తన ముందున్నవాడి వీపు మీది మూట, పట్టీ చూస్తాడు. పట్టీ చేతి కింద నుంచో మెడ చుట్టో పోయి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఈ తనిఖీని ఎవరూ వదలరు. తర్వాత వెనక నుంచి ముందుకు అంకెలు: చివరివాడు ‘పద్దెనిమిది ఓకే’ అని ముందువాడి భుజం తడతాడు, అతను ‘పదిహేడు ఓకే’ అంటాడు. అలా ఒకటి దాకా. తలుపు దగ్గరికి జరుగుతారు. పచ్చదీపం వెలగగానే మొదటివాడు దూకుతాడు, మిగతావాళ్ళు ఎడం లేకుండా వెంటపడతారు.

మనిషి బయటపడగానే పట్టీ బిగిసి పారాచూట్ మూట మూతను లాగేస్తుంది, 28 అడుగుల గొడుగు బయటికి వస్తుంది, గొడుగు నెత్తిని పట్టీకి కట్టిన సన్నతాడు తెగిపోతుంది. అమెరికన్ల టీ-5 పారాచూట్‌లో ముందు గొడుగు తెరుచుకుని, తర్వాత తాళ్ళు సాగేవి. దాంతో ఒంటికి తగిలే కుదుపు చాలా గట్టిది. గడ్డం ఛాతీకి ఆనించి, కాళ్ళు దగ్గరగా పెట్టి, రెండు చేతులూ పొట్ట మీది రిజర్వ్ పారాచూట్ మీద ఉంచి దూకమని నేర్పింది ఇందుకే. తల ఎత్తితే భుజాల పట్టీలు ముఖానికి కొడతాయి. బ్రిటిష్ పారాచూట్‌లో ముందు తాళ్ళు సాగి ఆ తర్వాత గొడుగు విచ్చుకునేది కాబట్టి కుదుపు తక్కువ. ఈ విషయంలో బ్రిటిష్ పారాచూటే మెరుగు. అయితే వాళ్ళకు యుద్ధకాలంలో రిజర్వ్ ఇవ్వలేదు.

మూడు లెక్కపెట్టేలోపు కుదుపు తగలకపోతే రిజర్వ్ పిడి లాగాలి. ఆ గుడ్డ దానంతట అది ఎగిరిపోదు, చేత్తో బయటికి విసరాలి. గొడుగు విచ్చుకోక చుట్టుకుపోవడం, ఒక తాడు గొడుగు మీదుగా పడి దాన్ని రెండు బుడగలుగా నొక్కేయడం, ఎక్కువగా కనిపించే లోపాలు ఇవి. కానీ యుద్ధంలో దూకే ఎత్తు ఆరేడు వందల అడుగులే. ప్రధాన పారాచూట్ తెరుచుకోకపోతే నేలకు చేరడానికి కొద్ది సెకన్లు చాలు. ఆ ఎత్తులో రిజర్వ్ వల్ల బతికి బయటపడటం అరుదు.

దిగాక ఇంకో చిక్కు. టీ-5 జీనును, అంటే ఒంటికి బిగించే పట్టీల అల్లికను, ఛాతీ దగ్గర ఒకటి, తొడల దగ్గర రెండు, మొత్తం మూడు కొక్కేలు విప్పితేగాని వదలదు. పట్టీలు బిగుసుకుని ఉంటే, నీళ్ళలో పడితే అవి రావు. జంప్ కోటు మెడ దగ్గర జిప్పు జేబులో మీట నొక్కితే తెరుచుకునే కత్తి పెట్టింది పట్టీలు కోసుకోవడానికే. ఒక్క దెబ్బకు ఊడే బ్రిటిష్ తరహా బిళ్ళ తర్వాత అమెరికన్ పారాచూట్లకూ వచ్చింది.

ఈ శిక్షణ జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో నాలుగు వారాలు. చివరి వారం అయిదుసార్లు దూకితే రెక్కల బ్యాడ్జి. నెలకు 50 డాలర్ల అదనపు జీతం. 1942లో మామూలు సిపాయి మూల వేతనమూ 50 డాలర్లే కాబట్టి జీతం రెట్టింపయినట్టు. అదే డివిజన్‌లో గ్లైడర్‌లో దిగేవాడికి 1944 జులై వరకు ఈ అదనం ఇవ్వలేదు. అది న్యాయం కాదు.

ప్ర: నార్మండీలో 101వ డివిజన్ చెల్లాచెదురైందని చదివాను. ఇంత సాధన చేసినవాళ్ళు ఎందుకు చెదిరిపోయారు?

జ: సాధన అంతా తేరిపారిన ఆకాశంలో, ఎదురు కాల్పులు లేనప్పుడు జరిగింది. 1944 జూన్ 6 వేకువన రెండూ తప్పాయి.

ముందు దారి చూపే పాత్‌ఫైండర్ బృందాలు అర్ధరాత్రి దాటి పావుగంటకే దిగాయి. ఏ, సీ, డీ అనే మూడు దిగుడు స్థలాల్లో దీపాలు, విమానాలకు సంకేతం పంపే యురేకా అనే రేడియో బీకన్ పెట్టడం వాళ్ళ పని. కొన్ని బృందాలే పక్కకు పడ్డాయి. కొన్ని చోట్ల శత్రువు దగ్గరగా ఉండి దీపం వెలిగించడమే కుదరలేదు. వాళ్ళ వెనక ఒంటిగంటకు కాస్త అటూ ఇటూగా 432 డకోటాలు, ఆరున్నర వేలకు పైగా సైనికులతో కొటెంటిన్ ద్వీపకల్పాన్ని పడమటి తీరం నుంచి దాటాయి. తీరం దాటగానే మేఘాల గోడ ఎదురైంది. రెక్కకు రెక్క దగ్గరగా ఎగురుతున్న విమానాలు ఒకదానికొకటి తగలకుండా పైకీ కిందికీ పక్కలకీ విడిపోయాయి. రేడియో వాడకూడదన్న ఆజ్ఞ ఉంది కాబట్టి ముందువాళ్ళు వెనకవాళ్ళకు మేఘాల మాట చెప్పలేకపోయారు. యురేకా సంకేతాన్ని అందుకునే రెబెకా పరికరాన్ని గుంపు నాయకుల విమానాలకే పరిమితం చేశారు, నావిగేటర్ కూడా ప్రతి విమానంలో లేడు. గుంపు విడిపోయిన క్షణం నుంచి మిగతా పైలట్లు చీకట్లో గుడ్డిగా వెతుక్కోవలసి వచ్చింది. మేఘాలు దాటగానే విమాన విధ్వంసక కాల్పులు మొదలయ్యాయి. చాలామంది వేగం పెంచారు.

వేగం పెరిగితే ఏమవుతుందో లెక్క కట్టి చూడండి. దూకడానికి నిర్ణయించిన వేగం గంటకు సుమారు 110 మైళ్ళు, అంటే సెకనుకు 49 మీటర్లు. సెకనుకు ఒకడు చొప్పున 18 మంది దూకితే మొదటివాడికీ చివరివాడికీ మధ్య ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు. 150 మైళ్ళ వేగంలో అది దాదాపు 1,140 మీటర్లు. ఎవడైనా తలుపు దగ్గర మూట తగులుకుని పది సెకన్లు ఆలస్యం చేస్తే ఇంకో 670 మీటర్లు. ఆ ప్రాంతమంతా మట్టి గట్ల మీద ఎత్తైన పొదలు పెంచిన చిన్నచిన్న మళ్ళు. పక్క మడిలో మనిషి ఉన్నా కనిపించడు.

అదే వేగం సామాన్లనూ పోగొట్టింది. కాలికి కట్టుకుని దూకి, మధ్యలో తాడుతో కిందికి వదిలే బ్రిటిష్ తరహా సంచిని చాలామందికి చివరి రోజుల్లో ఇచ్చారు. దాంతో సరైన సాధన లేదు. మెషిన్‌గన్, తూటాలు, రేడియో కుక్కి ముప్పై కిలోల పైన నింపారు. గొడుగు తెరుచుకున్న కుదుపుకు సంచులు తెగి చీకట్లో పడిపోయాయి. ఉన్న ఆయుధాలన్నీ సంచిలో పెట్టుకున్నవాళ్ళు చేతిలో కత్తితో నేల మీద నిలబడ్డారు. 377వ ఫిరంగి బెటాలియన్ వదిలిన పన్నెండు ఫిరంగుల్లో పదకొండు పోయాయి.

మామూలుగా దిగినవాళ్ళు కలుసుకునే పద్ధతి ఇది: మొదట దూకినవాడు విమానం వెళ్ళిన దిక్కుగా నడుస్తాడు, చివర దూకినవాడు దానికి ఎదురుగా వెనక్కి వస్తాడు, మధ్యవాడు కదలకుండా ఉంటాడు. ఇరవై నిమిషాల్లో అంతా ఒకచోట చేరాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ అది ఒక్క విమానం మనుషులనే కలుపుతుంది. ఆ విమానమే ఊరు తప్పి దించితే, కలిసిన పద్దెనిమిది మందికీ తాము ఎక్కడున్నారో తెలియదు. ఆ సాయంత్రానికి డివిజన్ అదుపులోకి వచ్చినవాళ్ళు సుమారు 2,500 మంది.

అయినా పని జరిగింది. సముద్రం నుంచి అమెరికన్ సేనలు దిగే యూటా తీరం వెనక ముంపు నీళ్ళ మీదుగా లోపలికి పోయే నాలుగు గట్టుదారుల లోపలి కొసలు పట్టుకోవడం వాళ్ళ మొదటి బాధ్యత. వేర్వేరు రెజిమెంట్లవాళ్ళు దొరికిన అధికారి వెంట పడి నడిచి, ఉన్నంతమందితోనే ఆ పని కానిచ్చారు. బయల్దేరే ముందు మట్టి నమూనాల మీద ప్రతి సిపాయికీ తన కంపెనీ పనితోపాటు పక్క కంపెనీల పని కూడా నేర్పించారు. ఆ రాత్రి డివిజన్‌ను నిలబెట్టింది ఇదేనని నా నమ్మకం.

ప్ర: ‘టిక్‌టిక్’మనే చిన్న బొమ్మ ఒకటి ఇచ్చారట. దేనికి?

జ: చీకట్లో అవతలివాడు మనవాడో కాదో తేల్చుకోవడానికి. వేలంత ఉన్న ఇత్తడి రేకు బిళ్ళ అది. ఒకసారి నొక్కి అడిగితే, అవతలివాడు రెండుసార్లు నొక్కి జవాబివ్వాలి. నోటి గుర్తు కూడా ఉంది: ‘ఫ్లాష్’ అంటే ‘థండర్’ అనాలి. రేకు బిళ్ళ ప్రధానంగా 101కే ఇచ్చారు, పక్కనే దిగిన 82 నోటి గుర్తు మీదే ఆధారపడింది. ఇద్దరూ కలగలిసి పడ్డ చోట్ల బిళ్ళ చప్పుడుకు జవాబు రాకపోవడం మామూలే.

ప్ర: గ్లైడర్‌లో దిగడం పారాచూట్ కంటే సురక్షితమేనా?

జ: కాదు. జూన్ 6 తెల్లవారుజామున డివిజన్ ఉప సేనాధిపతి బ్రిగేడియర్ జనరల్ డాన్ ప్రాట్ చనిపోయింది గ్లైడర్‌లోనే. వాకో గ్లైడర్ ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పి, ప్లైవుడ్ నేల వేసి చేసింది. పైలట్లతో కలిపి పదిహేను మంది, లేదా ముక్కు పైకెత్తి ఎక్కించిన ఒక జీపు పడుతుంది. ప్రాట్ ఎక్కినదానికి రక్షణ కోసమని అదనంగా కవచపు రేకులు వేశారు, లోపల జీపు కూడా ఉంది. చక్రాలు నేలకు తగిలాయి, పైలట్ బ్రేకులు తొక్కాడు. మంచుకు తడిసిన గడ్డి మీద చక్రాలు ఆగినా బండి ఆగలేదు. జారుతూ పోయి మడి చివర గట్టు చెట్లకు కొట్టుకుంది. జనరల్ మెడ విరిగింది, పైలట్ రెండు కాళ్ళూ విరిగాయి. రక్షణ కోసం వేసిన బరువే బండిని ఆగనివ్వలేదు.

ప్ర: హాలెండ్‌లో పట్టపగలు ఎందుకు దూకారు?

జ: నార్మండీ చెదురుపాటు మళ్ళీ రాకూడదని. 1944 సెప్టెంబర్ 17 మధ్యాహ్నం సుమారు 6,700 మంది సోన్, ఫెహెల్ పరిసరాల్లో దాదాపు అనుకున్న చోటే దిగి, గంట, గంటన్నరలో ఒకచోట చేరారు. అయితే సోన్ దగ్గర కాలువ వంతెనను వాళ్ళు చేరుతుండగానే జర్మన్లు పేల్చేశారు. బ్రిటిష్ ఇంజనీర్లు విడిభాగాలు బిగించి వేసే బెయిలీ వంతెనను రాత్రికి రాత్రి వేస్తే, 19 ఉదయంగాని వెనక నుంచి వస్తున్న బ్రిటిష్ ట్యాంకులు దాటలేదు. తర్వాత ఆ ట్యాంకులు పోవలసిన, ఇరవై కిలోమీటర్లకు పైగా సాగిన ఒక్క రోడ్డును రెండు పక్కలా కాపాడటమే పనయింది. ఒక చోట తరిమితే జర్మన్లు మరో చోట రోడ్డు కోసేవారు.

ప్ర: బాస్టోన్ ముట్టడిలో వాళ్ళు పారాచూట్లతోనే దిగారా?

జ: ముట్టడి మధ్యలో దారి చూపడానికి దూకిన కొద్దిమంది తప్ప ఎవరూ కాదు. ఈ డివిజన్‌కు అన్నిటికంటే పేరు తెచ్చిన పోరుకు వాళ్ళు వెళ్ళింది ట్రక్కుల్లో. 1944 డిసెంబర్‌లో జర్మన్లు బెల్జియంలో హఠాత్తుగా ఎదురుదాడికి దిగారు. 17 రాత్రి ఆజ్ఞ వచ్చేసరికి 101 వాళ్ళు ఫ్రాన్స్‌లోని ముర్మెలోన్‌లో విశ్రాంతిలో ఉన్నారు. డివిజన్ సేనాధిపతి మాక్స్‌వెల్ టేలర్ వాషింగ్టన్‌లో ఉన్నాడు. ఫిరంగి దళాధిపతి ఆంథోనీ మెకాలిఫ్ నాయకత్వం తీసుకున్నాడు. సుమారు 11,000 మందిని 380 ట్రక్కుల్లో నిలబెట్టి 170 కిలోమీటర్లు తరలించారు. చాలామందికి చలికోట్లు లేవు, తూటాలు సరిపడా లేవు. దారిలో వెనక్కి పారిపోతున్న దళాల దగ్గర అడిగి తీసుకున్నారు.

బెల్జియంలోని ఆ చిన్న ఊళ్ళో ఏడు రోడ్లు కలుస్తాయి. మంచు, బురద ఉన్న కాలంలో ట్యాంకులకు ఆ రోడ్లే దిక్కు. 19 రాత్రి డివిజన్ వైద్య కంపెనీ శత్రువు చేతికి చిక్కింది. ఆ తర్వాత గాయపడ్డవాళ్ళకు ఆపరేషన్ చేసే సర్జన్లు కరువయ్యారు. 21 నాటికి ముట్టడి పూర్తయింది. 22న లొంగిపొమ్మని జర్మన్లు పంపిన కాగితానికి మెకాలిఫ్ ‘నట్స్’ అని, అంటే ‘పోపొమ్మ’న్నట్టు, ఒక్క మాట రాసి పంపాడు. ఆ మాట అందరికీ తెలుసు. అదే రోజు ఫిరంగికి రోజుకు పది గుళ్ళు మించి కాల్చవద్దని ఆంక్ష ఉన్న సంగతి చాలామందికి తెలియదు.

23న మబ్బు విడింది. ముందు ఇంగ్లండ్ నుంచి వచ్చిన డివిజన్ పాత్‌ఫైండర్లు దూకి బీకన్ పెట్టారు. ఆ రోజు 241 విమానాలు 144 టన్నుల సామగ్రి వదిలాయి. అందులో దాదాపు అంతా చేతికి అందింది. ముట్టడి వలయం ఊరి చుట్టూ కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉండటం దీనికి కారణం. 26న గ్లైడర్లలో సర్జన్లు వచ్చారు, ఆ సాయంత్రమే అమెరికన్ జనరల్ ప్యాటన్ సైన్యంలోని 4వ ఆర్మర్డ్ డివిజన్ ట్యాంకులు లోపలికి చొచ్చుకొచ్చాయి. ఈ పోరులో 101 ఒంటరిగా లేదు. 10వ ఆర్మర్డ్ డివిజన్ ట్యాంకుల దళం, 705వ ట్యాంకు విధ్వంసక బెటాలియన్, పెద్ద ఫిరంగుల బెటాలియన్లు పక్కనే ఉన్నాయి. అవి లేకపోతే 75 మిల్లీమీటర్ల ఫిరంగులతో ఆ ఊరు నిలిచేది కాదు. కథలు చెప్పేవాళ్ళు వాళ్ళ పేర్లు వదిలేయడం బాధ కలిగిస్తుంది.

ప్ర: పాత ఫోటోల్లో హెల్మెట్ల మీద పేకముక్కల గుర్తులు కనిపిస్తాయి. అవి ఏమిటి?

జ: రెజిమెంటు గుర్తులు. చెదిరినవాళ్ళను త్వరగా పోగుచేయడానికి వేసుకున్నారు. ఆటీను 502, డైమన్ 501, ఇస్పేటు 506, కళావరు 327. గుర్తు చుట్టూ చిన్న గీత ఉంటే దాన్ని గడియారం ముల్లులా చదవాలి: మూడు దగ్గరుంటే మొదటి బెటాలియన్, ఆరు దగ్గర రెండోది, తొమ్మిది దగ్గర మూడోది, పన్నెండు దగ్గరైతే రెజిమెంట్ ప్రధాన కార్యాలయం.

ప్ర: ఆ యుద్ధంలో మన సైన్యానికి ఇలాంటి డివిజన్ ఉందా?

జ: ఉంది. 1941 అక్టోబర్‌లో ఢిల్లీలో 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ మొదలైంది. ఒక బ్రిటిష్, ఒక భారతీయ, ఒక గూర్ఖా బెటాలియన్. 1944లో 44వ భారత ఎయిర్‌బోర్న్ డివిజన్ ఏర్పడినప్పుడు ఈ బ్రిగేడ్ అందులో భాగమైంది.

ఈ బ్రిగేడ్ పెద్ద పోరు కూడా పారాచూట్ లేకుండానే జరిగింది. 1944 మార్చిలో జపాన్ సేన మణిపుర్ మీదికి వచ్చినప్పుడు, బ్రిగేడియర్ హోప్-థామ్సన్ నాయకత్వంలో ఇది ఉఖ్రుల్ దగ్గరి సాంగ్షాక్ గుట్ట మీద మార్చి 26 దాకా నిలబడింది. కొద్ది అడుగులు తవ్వితే రాయి. ముళ్ళకంచె లేదు, నీళ్ళు చాలవు. విమానాలు సామాను వదిలాయి, కానీ బాస్టోన్‌లోలా కిలోమీటర్ల జాగా ఇక్కడ లేదు. గుట్ట మీద వాళ్ళ చేతిలో ఉన్నది కొన్ని వందల మీటర్ల మేరే కాబట్టి చాలా మూటలు జపాన్‌వాళ్ళ వైపు పడ్డాయి. బ్రిగేడ్ ఆరు వందల మందిదాకా పోగొట్టుకుంది. ఆ రోజుల ఆలస్యం ఇంఫాల్, కోహిమాల్లో సైన్యం సర్దుకోవడానికి పనికొచ్చింది. ఈ పోరుకు రావలసిన పేరు ఇప్పటికీ రాలేదు.

నిజంగా దూకింది 1945 మే 1న. రంగూన్ నది ముఖద్వారం దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో ఉన్న ఫిరంగులు ఓడలను అడ్డుకుంటాయి కాబట్టి, రెండు గూర్ఖా పారాచూట్ బెటాలియన్ల నుంచి ఏర్చిన దళాన్ని బర్మా తీరంలోని అక్యాబ్ నుంచి తీసుకెళ్ళి అక్కడ దించారు. మిత్రపక్ష విమానాలు బాంబులు వేస్తున్న చోటికి మరీ దగ్గరగా వెళ్ళడంతో వాళ్ళలో కొందరు సొంత బాంబులకే గాయపడ్డారు, చనిపోయారు. సాయంత్రానికి ఆ స్థావరం వాళ్ళ చేతికొచ్చింది. మర్నాడు జోరువానలో 26వ భారత డివిజన్ పడవలు నదిలోకి వచ్చాయి. జపాన్‌వాళ్ళు అప్పటికే రంగూన్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు.